ఐదు, ఏడు, ఐదు... మధ్యలో ఘటోత్కచుడు

మా వారపత్రికలో నాకిచ్చిన జాగా అగ్గిపెట్టెంత. సినిమా పేజీల చివర, కుడివైపు మూలన, చుట్టూ సన్నటి గీతతో ఉంటుంది. అందులో ప్రతి వారం ఒక హాస్య హైకూ రావాలి. సినిమా మీదో, కామిక్స్ మీదో, జనం నోళ్ళలో నానుతున్న ఇంకేదైనా పాత్ర మీదో. నవ్వించాలి, ఎవరి పరువూ తీయకూడదు, ఐదు, ఏడు, ఐదు అక్షరాల మూడు లైన్లు దాటకూడదు. పెద్ద ప్రకటన వచ్చిన వారం అన్నిటికంటే ముందు ఎగిరిపోయేది ఈ డబ్బానే. ఆ వారం నా లెక్క ఐదు, ఏడు, ఐదు కాదు. సున్నా, సున్నా, సున్నా.

జీతం దీనికి కాదు లెండి. కాపీలు దిద్దడం, పొడుగాటి ఇంటర్వ్యూలను కుదించడం, ఫొటోల కింద రెండు ముక్కలు రాయడం, వీటికి ఇస్తారు. కానీ పాఠకులు ఫొటో తీసి వాట్సాప్‌లో తిప్పేది మాత్రం ఆ మూల డబ్బానే. అదెలా తయారవుతుందో అడిగేవాళ్ళకి ముందు ఒకటి చూపిస్తాను.

షుగర్ రిపోర్టు —
లడ్డూల పళ్ళెం ముందు
ఘటోత్కచుడు

ఇందులో నేను చెప్పింది చాలా తక్కువ. మిగతాదంతా పాఠకుడే తెచ్చుకున్నాడు. 1957లో కె.వి.రెడ్డి తీసిన 'మాయాబజార్', అందులో ఎస్.వి.రంగారావు భారీ విగ్రహం, పళ్ళెంలోంచి లేచి వరసగా నోట్లోకి వెళ్ళే లడ్డూలు, ఆ తృప్తి నవ్వు. ఘటోత్కచుడు అన్న ఒక్క మాట చాలు, ఇవన్నీ వచ్చి కూర్చుంటాయి. నేను చేసిందల్లా ఆయన చేతిలో ఒక ల్యాబ్ కాగితం పెట్టడం.

ఈ పనిలో నాకు అర్థమైన అసలు సంగతి ఇదే. జపాను హైకూలో 'కిగో' అని ఒకటుంటుంది, ఋతువును సూచించే మాట. కప్ప అంటే వసంతం, చంద్రుడంటే శరత్తు. కవి ఋతువును వర్ణించనక్కర్లేదు. ఆ ఒక్క మాట వేస్తే గాలి, వెలుతురు, పండగలు, పాత కవుల పద్యాలు అన్నీ చదివేవాడి మనసులోకి వచ్చేస్తాయి. ఏ మాట ఏ ఋతువుకి చెందుతుందో చెప్పే 'సైజికి' అనే నిఘంటువులు కూడా వాళ్ళకున్నాయి. పదిహేడు అక్షరాల్లో ప్రపంచాన్ని పట్టడం అంటారే, దాని కిటుకు సగం ఇక్కడే ఉంది. నా పనిలో పాత్రల పేర్లే కిగోలు. కట్టప్ప, స్పైడర్‌మ్యాన్, బేతాళుడు, వీళ్ళ పేర్లు వేస్తే చాలు, వాళ్ళ కథ నేను చెప్పనక్కర్లేదు. 'బాహుబలి' మొదటి భాగం 2015లో వచ్చింది, రెండోది 2017లో. మధ్యలో రెండేళ్ళ పాటు దేశమంతా ఒకే ప్రశ్న వేసుకుంది, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని. అలాంటి ఉమ్మడి జ్ఞాపకం ఉన్నప్పుడు హైకూ రాయడానికి కష్టపడక్కర్లేదు.

రెండేళ్ళు ఆగాం —
కట్టప్ప చెప్పేలోపే
కరెంట్ పోయింది

"ప్రకృతి లేనిది హైకూ ఎలా అవుతుందండీ" అని కవిమిత్రులు నిలదీస్తుంటారు. వాళ్ళన్నదాంట్లో న్యాయముంది. కాకినాడలో ఉండి ఇస్మాయిల్ గారు రాసిన హైకూలు చదివినవాళ్ళకి నా డబ్బా చూస్తే ఒళ్ళు మండటం సహజం. శాస్త్రం ప్రకారం నేను రాసేవి 'సెన్‌ర్యూ'. కొలత హైకూదే, కానీ వస్తువు చెట్టూ చంద్రుడూ కాదు, మనిషీ మనిషి వేషాలూ. పద్దెనిమిదో శతాబ్దంలో 'ఎదో' అనే నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, కరాయ్ సెన్‌ర్యూ అనే ఆయన ఉండేవాడు. జనం పంపే చిన్న చిన్న పద్యాలకు మార్కులు వేసి మంచివి ఏరడం ఆయన పని. అలా ఏరిన వాటిలోంచి కూర్చిన సంకలనాలు 1765 నుంచి వరసగా వచ్చాయి. అత్తాకోడళ్ళు, సోమరి కొడుకులు, బడాయి సమురాయ్‌లు, లంచగొండి అధికారులు, అందరూ వాటిలో కనిపిస్తారు. చివరికి ఆ ప్రక్రియకే ఆయన పేరు స్థిరపడింది. రాసినవాళ్ళ పేరు కాకుండా ఏరినవాడి పేరు నిలిచిందన్న మాట! ఈ సంగతి మా ఎడిటర్ గారికి తెలియకుండా జాగ్రత్తపడుతున్నాను.

ఆ సంప్రదాయం జపానులో ఇంకా బతికే ఉంది. దైఇచి అనే జీవిత బీమా కంపెనీ 1987 నుంచి సెన్‌ర్యూ పోటీ నడుపుతోంది. బాసు, జీతం, భార్య, బట్టతల, ఇవే వాటిలో ముడిసరుకు. ఇంగ్లిషులోనూ ఈ సరదా బాగానే పాకింది. 1995లో సైన్స్ ఫిక్షన్ హైకూకి 'సైఫైకూ' అని పేరుపెట్టి ఒక ప్రణాళికే రాశారు. 1998లో అమెరికాలో 'సలాన్' అనే ఆన్‌లైన్ పత్రిక, కంప్యూటర్ తెరమీద వచ్చే ఎర్రర్ మెసేజ్‌లను హైకూలుగా రాయమని పాఠకులకు పోటీ పెట్టింది.

మనకీ ఇది పరాయి సరుకేం కాదు. చాటువు చెప్పి చమత్కరించిన జాతి మనది. శ్రీశ్రీ 'సిప్రాలి'లో ప్రాసలతో ఆడుకున్నాడు, ఆరుద్ర కూనలమ్మ పదాలు రాశాడు, జరుక్ శాస్త్రి పేరడీలతో పెద్ద పెద్ద కవులనే నవ్వించాడు. ఎన్.గోపి గారి నానీలు నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలు. ఇంత చిన్న జాగాలో తెలుగు ఇమడదన్న మాటకి అవే జవాబు.

ఇక కొలత సంగతి. జపాను వాళ్ళు లెక్కపెట్టే తీరు వేరు. దీర్ఘానికి ఒకటి అదనం, చివర వచ్చే 'న్' కూడా ఒకటి, ద్విత్వంలో ఆగే చోటు కూడా ఒకటి. అందుకని స్పైడర్‌మ్యాన్‌ని వాళ్ళ ఉచ్చారణలో రాస్తే ఏడు మాత్రలు. మధ్య పాదం మొత్తం ఆయనే ఆక్రమిస్తాడు. బ్యాట్‌మ్యాన్ ఐదు, మొదటి పాదం సరిగ్గా నిండుతుంది. మన లెక్కలో పొల్లు హల్లుకి విలువ లేదు కాబట్టి స్పైడర్‌మ్యాన్ మూడక్షరాలు, బ్యాట్‌మ్యాన్ రెండే. హీరోలు చవగ్గా దొరుకుతారు. ఖరీదైనవి మన క్రియలు. 'దులుపుతోంది' అంటే ఐదక్షరాలు హారతి. 'పట్టుకుని' అంటే నాలుగు. అందుకే వీలైనంత వరకు క్రియను ఎత్తేసి నామవాచకంతో ముగిస్తాను. మన భాషలో క్రియ లేకుండా వాక్యం హాయిగా నడుస్తుంది, అదొక వరం. ఇంకో సదుపాయం ఇంగ్లిషు నుంచి వచ్చిన మాటలు. 'కరెంటు' అంటే మూడు, 'కరెంట్' అంటే రెండు. ఏ వారం ఏది అవసరమో అది వాడుకుంటాను. నానమ్మ మాట్లాడే సందర్భమైతే కరెంటు, మనవడైతే కరెంట్.

ఒక హైకూ తయారైన వైనం చెబితే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. స్పైడర్‌మ్యాన్ మీద రాయాలనుకున్నాను. 1962లో పుట్టిన పాత్ర, డబ్బింగుల పుణ్యమా అని మన పల్లెటూళ్ళలోనూ పిల్లల స్కూలు బ్యాగుల మీదికి ఎక్కింది. సాలెగూడు అనగానే తెలుగింట్లో గుర్తొచ్చేది బూజుకర్ర. మొదటి చిత్తు ఇలా వచ్చింది.

బూజుకర్రతో
పెద్దమ్మ వచ్చిందంటే
స్పైడర్‌మ్యాన్ పరార్

లెక్క సరిపోయింది. స్పైడర్‌మ్యాన్ పెద్దమ్మ మే గురించి సినిమాలు చూసినవాళ్ళందరికీ తెలుసు, కాబట్టి అర్థమవుతుంది కూడా. కానీ ఇది కార్టూన్ కింద రాసే వ్యాఖ్యలా ఉంది. 'వచ్చిందంటే' అనగానే తర్వాత ఏం జరుగుతుందో తెలిసిపోతోంది. 'పరార్' అన్న మాట పాఠకుడి వంతు నవ్వు కూడా తానే నవ్వేస్తోంది. పైగా ఎప్పుడు జరిగిందో లేదు. బూజు దులపడం మనింట్లో రోజూ చేసే పని కాదు, దానికో కాలం ఉంది. పండగ ముందు ఇల్లంతా తలకిందులు చేసి, నెత్తికి తువ్వాలు చుట్టుకుని చేసే పని. అది గుర్తొచ్చాక దారి దొరికింది.

సంక్రాంతి బూజు
దులిపింది పెద్దమ్మ —
నేలపై పీటర్

ఇప్పుడు బూజుకర్ర అన్న మాటే లేదు, అయినా కనిపిస్తోంది. స్పైడర్‌మ్యాన్ పేరు తీసేసి పీటర్ అన్నాను, ఎందుకంటే పెద్దమ్మకి వాడు పీటరే. రెండో పాదం తర్వాత ఆ గీత దగ్గర ఒక్క క్షణం ఆగుతాం. జపాను హైకూలో 'కిరెజి' అనే కోత మాట చేసే పని అదే, రెండు దృశ్యాలను విడదీసి పక్కపక్కన నిలబెట్టడం. గోడ మీంచి నేల మీదికి పడే దూరం ఆ గీతలోనే ఉంది. అది మనం రాయకూడదు, పాఠకుడు పడాలి. హాస్య హైకూలో నవ్వు ఉండేది మాటల్లో కాదు, ఆ సందులో.

వరస కూడా ముఖ్యమే. ఘటోత్కచుడిని మొదటి పాదంలోకి తెచ్చి షుగర్ రిపోర్టును చివర పెడితే అది జోకు. రిపోర్టు ముందు వస్తే ఎవరిదో మామూలు మనిషి కథ అనుకుంటాం, మనదే అనుకుంటాం. లడ్డూల దగ్గర కాస్త జాలి పుడుతుంది. అప్పుడు ఆయన వస్తాడు. నవ్వు జాలి మీదుగా రావాలి. జాలి లేని నవ్వు మూడు లైన్లలో ఎగతాళిగా మిగిలిపోతుంది.

నా మొదటి పాఠకుడు మా పేజీలు పెట్టే డీటీపీ కుర్రాడు. మూడు లైన్లను కలిపేసి ఒకే వాక్యంగా పరచడం వాడికి మొదట్లో సరదా. "జాగా మిగుల్తుంది సార్" అనేవాడు. ఇప్పుడు వాడే కాపలాదారు. పేజీలో పెడుతూ వాడు నవ్వితే పంపేస్తాను, కిక్కురుమనకపోతే వెనక్కి తీసుకుంటాను. ఒకసారి మాండ్రేక్ మీద రాసిచ్చాను. వాడు చాలాసేపు చూసి, "మాండ్రేక్ అంటే చేతబడి సీరియలా సార్?" అన్నాడు.

కిగోలకి కాలం చెల్లుతుందని నాకు తెలిసొచ్చింది అక్కడే. ఇంద్రజాల్ కామిక్స్ 1964లో ఫాంటమ్ కథతో మొదలయ్యాయి. మాండ్రేక్, ఫ్లాష్ గోర్డన్, బహదూర్, వీళ్ళంతా ఒక తరానికి రైలు ప్రయాణాల్లో తోడొచ్చినవాళ్ళు. 1990లో అవి ఆగిపోయాయి. అప్పటి పిల్లలు ఇప్పుడు పెన్షన్ లెక్కలు వేసుకుంటున్నారు. వాళ్ళకి ఫాంటమ్ పుర్రె ఉంగరం అంటే ఒళ్ళు పులకరిస్తుంది, వాళ్ళ పిల్లలకి అది ఫ్యాషన్ నగ. ఇక బేతాళుడి సంగతి చూడండి. ఆ కథలు వేసిన, 1947లో మొదలైన 'చందమామ' ఇప్పుడు రావడం లేదు. అయినా పట్టు వదలని విక్రమార్కుడు, భుజాన శవం, శంకర్ గారు వేసిన ఆ బొమ్మ, ఇవి తెలియనివాళ్ళు మా పాఠకుల్లో అరుదు. పత్రిక చూడని పిల్లలకి కూడా కథ చేరిపోయింది. 'మాయాబజార్' అంతే. టీవీల్లో తిరిగి తిరిగి వచ్చి, 2010లో రంగులద్దుకుని మళ్ళీ హాళ్ళకొచ్చి, ఇప్పుడు ఫోన్లలో మీములుగా కూడా తిరుగుతోంది. అచ్చయిన పుస్తకం ఆగిపోయినా నోటి నుంచి నోటికి సాగే పేరుంటే అది నాకు పనికొచ్చే పేరు.

కేవైసీ మళ్ళీ —
శవం భుజానికెత్తి
విక్రమార్కుడు

ఇది అచ్చయిన వారం బ్యాంకు ఉద్యోగులు కూడా మెచ్చుకుంటూ మెయిల్ పంపారు. వాళ్ళు తమను తాము బేతాళులుగా పోల్చుకున్నారని అనుకుంటాను.

విదేశీ హీరోలను తెచ్చినప్పుడు వాళ్ళని మన వీధిలో ఒక రోజు బతకనివ్వడమే నా పద్ధతి. బ్యాట్‌మ్యాన్ కోటీశ్వరుడు, రాత్రంతా డ్యూటీ చేస్తాడు. అంటే పడుకునేది పగలే. మనకి పగలు నిద్ర చెడగొట్టేదెవరో వేరే చెప్పాలా?

మిట్టమధ్యాహ్నం
బ్యాట్‌మ్యాన్ నిద్ర చెడింది —
లోను కావాలా?

సూపర్‌మ్యాన్ 1938లో కామిక్‌లో పుట్టాడు. టెలిఫోన్ బూత్‌లోకి దూరి బట్టలు మార్చుకోవడం 1941లో వచ్చిన కార్టూన్ చిత్రంతో జనానికి గుర్తుండిపోయింది. 1978లో హాలీవుడ్ సినిమా తీసేనాటికే మూసిన బూత్‌లు కనుమరుగవుతున్నాయి. అందులో క్రిస్టఫర్ రీవ్ ఒక సగం తెరిచిన ఫోన్ పెట్టె దగ్గర ఆగి, పైకీ కిందికీ చూసి, దారి మార్చుకుంటాడు. అంటే ఈ జోకు నాకంటే ముందే వాళ్ళు వేసేశారు. మన దగ్గర 1980లో ఎన్టీఆర్ కూడా సూపర్‌మ్యాన్ వేషం కట్టారు. నేను కలపాల్సింది మన ఊరి బజారు ఒక్కటే.

సూపర్‌మ్యాన్ గోడు —
ఎస్టీడీ బూత్‌లు అన్నీ
జిరాక్స్ షాపులే

కొన్నిసార్లు జపాను వాడూ మనవాడూ ఒకే చోట కలుస్తారు. కొబయాషి ఇస్సా ఈగల మీద, నత్తల మీద ప్రేమగా రాసిన కవి. ఆయన రాసిన హైకూలు దాదాపు 20,000. మన రాజమౌళి 2012లో ఈగనే హీరో చేసి సినిమా తీశాడు. థియేటర్ నుంచి ఇంటికొచ్చిన ప్రేక్షకుడిని ఇస్సా ఎక్కడో కూర్చుని చూస్తున్నాడనిపించింది.

ఈగ చూసొచ్చి
బెల్లం మీద వాలితే
చెయ్యెత్తలేను

సినిమా హాస్యానికి హద్దులు పెట్టుకోకపోతే ఈ ఉద్యోగం చేయలేం. నటుల శరీరం, వయసు, ఇంటి గొడవలు, కులం, వీటి జోలికి వెళ్ళను. పోయిన సినిమా మీద రాళ్ళు వేయడం కూడా నా పని కాదు, దానికి సమీక్షకులున్నారు. నాకు కావలసింది తెర మీది పాత్రా, తెర ముందున్న మనమూ. అయినా అభిమానులకి కోపాలొస్తాయి. ఒక పెద్ద సినిమా విడుదల వారం ఇది వేశాను.

బెనిఫిట్ షోకు
కటౌట్‌కు పాలధార —
ఇంట్లో డికాషన్

పొద్దున్నే ఆఫీసుకి ఫోన్. "మా అన్న సినిమా మీద జోకులా?" అని గొంతు వణికేంత కోపం. "బాబూ, చదివావుగా, ఇందులో మీ అన్న ఎక్కడున్నాడు? పాలు లేవు, అంతే" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత "మా అమ్మ కూడా అదే అంది సార్" అని పెట్టేశాడు.

ఆ ఫోన్ తర్వాత నేను రాసిన ప్రతిదానికీ ఒక పరీక్ష పెట్టడం అలవాటైంది. అందులోని పేరు కొట్టేసి చదువుతాను. ఘటోత్కచుడిని తీసేసినా లడ్డూ ముందు కూర్చున్న షుగర్ రోగి మిగులుతాడు. కట్టప్పని తీసేసినా అసలు ఘట్టంలో పోయిన కరెంట్ మిగులుతుంది. డికాషన్ కవితలో అసలు పేరే లేదు. అందుకే ఏ హీరో సినిమా వచ్చినా, అవతలి హీరో అభిమానులు దాన్ని వెతికి పట్టి పంపుకుంటున్నారు. తర్వాతి నెల వాళ్ళ హీరో సినిమాకి ఇవతలివాళ్ళు అదే పని చేస్తారు. పేరు కొట్టేస్తే ఏమీ మిగలనివి కూడా కొన్ని వేస్తుంటాను, వారం తప్పకూడదు కదా. అవి ఆ సినిమా పోస్టర్లతో పాటే చిరిగిపోతాయి.

రాయాలనుకునే కుర్రాళ్ళు ఎలా మొదలుపెట్టమంటారని అడుగుతారు. నేను చెప్పేది ఒకటే. హీరో పేరు ఋతువు లాంటిదనుకోండి. వాన వచ్చిందని చెబితే కవిత కాదు, వానకి మన ఇంట్లో ఎక్కడ కారుతోందో చూడాలి. హీరో ఎలా ఎగిరాడో కెమెరా బాగానే చూపిస్తుంది. ఆయన ఎగిరిన గాలికి ఎవరింటి దండెం మీది బట్టలు కింద పడ్డాయో మీరు చూడండి. తర్వాత వేళ్ళ మీద ఐదు, ఏడు, ఐదు లెక్కపెట్టండి. సరిపోకపోతే ముందు క్రియను తీసేయండి, అప్పటికీ సరిపోకపోతే హీరోనే తీసేయండి. చాలాసార్లు కవితకి ఏ లోటూ రాదు.